గగన గణితం – 14: నలభై మూడు పదాల్లో ప్లూటో

గత భాగంలో 1846 సెప్టెంబరు 23 రాత్రి కథ చెప్పుకున్నాం. పారిస్ నుంచి లెవెరియే రాసిన ఉత్తరం పట్టుకుని, బెర్లిన్ వేధశాలలో గాలే దూరదర్శినిని తిప్పాడు. చెప్పిన చోటికి ఒక్క డిగ్రీ లోపే నెప్ట్యూన్ కనిపించింది. కంటికి చిక్కక ముందే కాగితం మీద పుట్టిన గ్రహం అది. ఆ గెలుపు ఖగోళ శాస్త్రవేత్తలకు కొండంత ధైర్యాన్నీ, దాంతోపాటు ఒక దురాశనూ ఇచ్చింది. లెక్కతో ఒక గ్రహాన్ని పట్టినవాళ్లం, ఇంకొకటి పట్టలేమా అనుకున్నారు. ఆ ఆశ వెంట పరుగెత్తినవాళ్ల కథ, చివరికి దొరికిన చిన్న గోళాన్ని లెక్కలోకి ఇమడ్చడానికి పడిన పాట్ల కథ ఈ భాగం. అయితే దీన్ని అమెరికాలో కాకుండా మన ధర్మపురిలో, ఒక ఇంటి గోడ దగ్గర మొదలుపెట్టాలి.

ఒకే మేకుకు రెండు పంచాంగాలు

ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు వైపు తెలుగిళ్లలో ఉగాదికి తెలుగు పంచాంగం వస్తుంది. రోజుకో కాగితం చించే తమిళ క్యాలెండరు ఏడాది పొడుగునా గోడ మీద ఉంటుంది. రెండూ ఒకే మేకుకు వేలాడే ఇళ్లున్నాయి. తమిళ క్యాలెండరులోనే మళ్లీ రెండు దారులు: వాక్యం, తిరుక్కణితం. పాత వాక్య పద్ధతిలో లెక్కగట్టేది మొదటిది. ఆకాశంలో గ్రహం నిజంగా కనిపించే చోటుకు సరిపోయేలా లెక్కను దిద్దుకున్నది రెండోది. దాన్నే మనం దృగ్గణితం అంటాం.

ఈ తేడా పండితుల చర్చల్లోనే ఉండిపోయేది కాదు. 2023లో శని కుంభరాశిలో ఎప్పుడు ప్రవేశిస్తాడంటే తిరుక్కణితం జనవరి 17 అంది. వాక్య పంచాంగం డిసెంబరు 20 అంది. వాక్యాన్ని అనుసరించే తిరునల్లారు ఆలయంలో శనిపెయర్చి ఉత్సవం డిసెంబరు 20నే జరిగింది. ఒకే గ్రహం, ఒకే రాశి, మధ్యలో పదకొండు నెలలు! ఏ తేదీన నువ్వుల దీపం పెట్టాలో తెలియక తికమకపడిన కుటుంబాలు మా వైపు ఎన్నో.

ఆచారంగా చూస్తే రెండింటికీ వాటి గౌరవం వాటికుంది. లెక్కగా చూస్తే మాత్రం ఒక ప్రశ్న మిగులుతుంది: ఏ సూత్రాన్నయినా ఎంతకాలం నమ్మవచ్చు? ప్లూటో కథ మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

నేల మీద గవ్వలు, నోట్లో వాక్యాలు

ముందు వాక్యం గొప్పతనం తెలుసుకుందాం. చంద్రుడు భూమికి అతి దగ్గరి బిందువు నుంచి బయలుదేరి మళ్లీ ఆ బిందువుకు రావడానికి సుమారు 27.55 రోజులు పడుతుంది. అలాంటి తొమ్మిది చుట్లు కలిపితే దాదాపు కచ్చితంగా 248 రోజులు. అంటే 248 రోజుల చంద్ర స్థానాలు ఒకసారి కట్టి పెట్టుకుంటే, ఆ తర్వాత వరస మళ్లీ మొదటికొస్తుంది. చిన్న సవరణ ఒకటి కలుపుకుంటే చాలు. మన పూర్వులు ఆ 248 అంకెలను 248 చిన్న వాక్యాలుగా మార్చి కంఠస్థం చేశారు.

అంకె వాక్యంగా ఎలా మారుతుంది? కటపయాది పద్ధతిలో ప్రతి హల్లుకూ ఒక అంకె. 'భవతి' అన్న మాట తీసుకోండి. భ అంటే 4, వ అంటే 4, త అంటే 6. అంకెలను కుడి నుంచి ఎడమకు చదవాలి కనుక 644. అచ్చులు లెక్కలోకి రావు. అలా ఒక పట్టిక మొత్తం పద్యంలా నోటికి వచ్చేది. కాగితం అక్కర్లేదు, తాటాకు అక్కర్లేదు.

1825లో మద్రాసులో అచ్చయిన 'కాలసంకలిత' గ్రంథంలో జాన్ వారెన్ ఒక దృశ్యాన్ని నమోదు చేశాడు. ఒక తమిళ పంచాంగ గణకుడు నేల మీద గవ్వలు పేర్చుకుంటూ, పట్టికలను జ్ఞాపకం నుంచి పలుకుతూ, ఆ ఏడాది మే 31 – జూన్ 1 రాత్రి రాబోయే చంద్రగ్రహణాన్ని లెక్కగట్టాడు. గ్రహణం మొదలు నాలుగు నిమిషాల తేడాతో సరిపోయింది. మధ్యకాలం 23 నిమిషాలు, ముగింపు 52 నిమిషాలు తప్పాయి. అంతకు ముందు ఫ్రెంచి శాస్త్రవేత్త లె జాంతి పుదుచ్చేరిలో ఉండగా, 1765 ఆగస్టు 30 చంద్రగ్రహణ వ్యవధిని తమిళ పద్ధతిలో కట్టించి చూశాడు. తేడా 41 సెకన్లే. అప్పటి ఐరోపాలో మేటి అనిపించుకున్న మేయర్ పట్టికలు 68 సెకన్లు తప్పాయి.

ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడండి. అదే పద్ధతి ఒకసారి అద్భుతంగా కుదిరింది, ఇంకోసారి గంట దాకా జారింది. ఆవర్తనాల మీద కట్టిన లెక్క స్వభావమే అది. పెద్ద అలలను పట్టుకుంటుంది, చిన్న అలలను వదిలేస్తుంది. వదిలేసిన అలలు ఒక్కోసారి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి, ఒక్కోసారి ఒకటై పైకి లేస్తాయి.

ఈ సత్యాన్ని గుర్తించి లెక్కకూ ఆకాశానికీ మళ్లీ మళ్లీ జత కుదిర్చినవాళ్లు మన నేల మీద ఉన్నారు. కేరళలో సంగమగ్రామ మాధవుడు 14వ శతాబ్దంలోనే చంద్ర వాక్యాలను వికలల దాకా పదును పెట్టాడు. డిగ్రీలో అరవయ్యో వంతు కల, కలలో అరవయ్యో వంతు వికల. సైన్ విలువను అంతులేని శ్రేణిగా రాసి, కావలసినన్ని పదాలు తీసుకుని ఆపవచ్చని చూపించిన సంప్రదాయం కూడా ఆయనదే. 19వ శతాబ్దంలో మద్రాసు వేధశాలలో చింతామణి రఘునాథాచారి పగలు పంచాంగం, రాత్రి దూరదర్శినిగా బతికాడు. 1867లో ఆర్ రెటిక్యులీ అనే చంచల నక్షత్రాన్ని కనుగొన్నది ఆయనే. కంటికి కనిపించేదే పంచాంగంలో ఉండాలని దృగ్గణిత పంచాంగం ప్రచురించాడు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటినప్పుడు, దాన్ని సామాన్యులకు అర్థమయ్యేలా చెబుతూ ముందే పుస్తకం వేశాడు. అదే సంక్రమణాన్ని మన విశాఖపట్నంలో తన సొంత వేధశాల నుంచి అంకితం వెంకట నరసింగరావు పరిశీలించాడు.

లోవెల్, పికరింగ్: ఇద్దరి పంతం

ఇప్పుడు అమెరికాకు వెళదాం. యురేనస్ కదలికలో నెప్ట్యూన్ లాగుడు తీసేసినా ఇంకా కొంచెం తేడా మిగిలిందని ఇద్దరు నమ్మారు. ఒకరు ధనవంతుడు, అరిజోనాలో సొంత వేధశాల కట్టుకున్న పెర్సివల్ లోవెల్. రెండోవాడు హార్వర్డ్‌కు చెందిన విలియం పికరింగ్. లోవెల్ వెతికే గ్రహం పేరు 'ఎక్స్', పికరింగ్ గ్రహం పేరు 'ఓ'. ఎవరు ముందు పట్టుకుంటారన్నదే పోటీ.

లోవెల్ కింద లెక్కలు చేసే బృందానికి పెద్ద ఎలిజబెత్ విలియమ్స్. ఎంఐటీలో చదివిన గణితజ్ఞురాలు. ఎక్స్ ఆకాశంలో ఎక్కడుండాలో చెప్పే వందల పేజీల లెక్కలు ఆమె చేతి మీదుగా సాగాయి. 1922లో ఆమె పెళ్లి చేసుకుంది. పెళ్లయిన స్త్రీ ఉద్యోగంలో ఉండటం తగదని ఆమెను తీసేశారు. ప్లూటో దొరికిన రోజున పేపర్లలో వచ్చిన పేర్లలో ఆమె పేరు లేదు. ఈ చరిత్ర రాసేటప్పుడు ఆ పేరును ముందుగా రాయడం మన బాధ్యత.

లోవెల్ 1916లో చనిపోయాడు. పద్నాలుగేళ్ల తర్వాత, కాన్సాస్ రైతు కుటుంబం నుంచి వచ్చిన క్లైడ్ టాంబో అనే ఇరవై నాలుగేళ్ల కుర్రాడు 1930 ఫిబ్రవరి 18న రెండు ఫొటో పలకలను ఒకదాని వెంట ఒకటి మార్చి మార్చి చూస్తున్నాడు. జనవరి 23న తీసినదొకటి, 29న తీసినదొకటి. వేల చుక్కల మధ్య ఒక్క చుక్క చోటు మారింది. లోవెల్ చెప్పిన చోటికి సుమారు ఆరు డిగ్రీల దూరం. మార్చి 13న, లోవెల్ పుట్టినరోజున, ప్రపంచానికి చెప్పారు.

గ్రహం దొరికింది సరే, దాని దారి ఏది? ఇక్కడ ఇంకో పోటీ మొదలైంది. వేధశాలవారు కక్ష్య మేమే ముందు కట్టాలని మొదట ఒక్క స్థానమే బయటపెట్టారు. చేతిలో ఉన్నది రెండు మూడు నెలల కదలిక. పగిలిన గాజు ముక్క గోరంత చూపించి ఆ గాజు చుట్టుకొలత ఎంతో చెప్పమంటే ఎలా ఉంటుందో, ఇదీ అలాంటిదే. వాళ్లు కట్టిన మొదటి కక్ష్యలో ప్లూటో సూర్యుణ్ణి చుట్టడానికి మూడు వేల ఏళ్లకు పైగా పట్టాలి!

గాజు పెద్ద ముక్క పాత పలకల్లో దొరికింది. 1919లో పికరింగ్ మాట విని మౌంట్ విల్సన్‌లో మిల్టన్ హ్యూమసన్ తీసిన పలకల మీద ప్లూటో ఉంది. అప్పుడు ఎవరి కంటా పడలేదు. అంతకంటే విచారం, లోవెల్ సొంత వేధశాలలో 1915లో తీసిన పలకల మీద కూడా ఉంది. ఆయన జీవితమంతా వెతికిన చుక్క ఆయన బీరువాలోనే, ఆయన బతికుండగానే ఉంది. ఆ పాత స్థానాలు కలిపాక లెక్క స్థిరపడింది. సూర్యుడి చుట్టూ ఒక చుట్టుకు సుమారు 248 ఏళ్లు.

చంద్రుడికి 248 వాక్యాలు, ప్లూటోకు 248 ఏళ్లు. రెండింటికీ సంబంధమేమీ లేదు, కేవలం కాకతాళీయం. అయినా ఈ రెండు అంకెలు పక్కపక్కన కనిపించిన రోజున నాకు ఒళ్లు పులకరించింది. చంద్రుడి వరస ఒక మనిషి ఆయుష్షులో వంద సార్లు తిరిగొస్తుంది, అందుకే అది వాక్యంగా నిలిచింది. ప్లూటో వరస మనం కనుగొన్నాక ఇంకా ఒక్కసారి కూడా పూర్తి కాలేదు. ఆ చుట్టు ముగిసేది 2178లో.

శ్రేణికి లొంగని ప్లూటో

ప్లూటో కక్ష్య గ్రహాల దారిలా దాదాపు గుండ్రం కాదు. సూర్యుడికి దగ్గరైనప్పుడు భూమి–సూర్యుల దూరానికి దాదాపు 30 రెట్లు, దూరమైనప్పుడు 49 రెట్లు. గ్రహాలు తిరిగే తలానికి 17 డిగ్రీల వాలు. 1979 నుంచి 1999 దాకా ఇరవై ఏళ్లు నెప్ట్యూన్ కంటే సూర్యుడికి దగ్గరగా ఉంది. అయినా ఢీకొనదు. నెప్ట్యూన్ మూడు చుట్లు తిరిగేలోగా ప్లూటో సరిగ్గా రెండు తిరుగుతుంది. 1965లో కోహెన్, హబ్బర్డ్ కంప్యూటరు మీద 1,20,000 ఏళ్ల కదలికను నడిపించి చూసి ఈ తాళాన్ని కనుక్కున్నారు.

ఈ తాళమే లెక్కకు అడ్డం. పారిస్‌లో పియెర్ బ్రెటాన్యోన్ 1982లో, ఫ్రాంకూతో కలిసి 1988లో గ్రహాల కదలికలను వేలాది సైన్, కొసైన్ పదాల శ్రేణులుగా రాశాడు. వీఎస్ఓపీ పేరుతో అవి ప్రపంచమంతా వాడుకలోకి వచ్చాయి. బుధుడి నుంచి నెప్ట్యూన్ దాకా ఎనిమిదింటికీ శ్రేణులున్నాయి. ప్లూటోకు లేదు. సాగిపోయిన, వాలిన కక్ష్య, పైగా నెప్ట్యూన్‌తో తాళం. మామూలు పద్ధతిలో విడదీస్తే అలలు చిన్నవవుతూ పోవు, లెక్క తెగదు.

దారి చూపింది బెల్జియం నుంచి ముగ్గురు: గోఫాన్, జాన్ మేయుస్, స్టేయార్ట్. మేయుస్ బ్రస్సెల్స్ విమానాశ్రయంలో వాతావరణ నిపుణుడు. పగలు మబ్బుల లెక్క, తీరిక వేళల్లో గ్రహాల లెక్క. 1986లో వీళ్లు ఒక వివేకమైన పని చేశారు. ప్లూటో అన్ని కాలాల్లో ఎలా కదులుతుందో చెప్పే సిద్ధాంతం మాకు వద్దు, మనకు పనికొచ్చే రెండు శతాబ్దాలకు సరిపోయే శ్రేణి చాలు అనుకున్నారు. అడుగడుగునా కట్టిన స్థానాలకు మూడే మూడు కోణాలతో అలలను సరిపెట్టారు. ఒకటి గురుడిది, ఒకటి శనిది, ఒకటి ప్లూటోది. గురుడూ శనీ ఎందుకంటే, వాటి బరువుకు సూర్యుడే కొంచెం ఊగుతాడు. సూర్యుడి నుంచి కొలిచే ప్లూటో స్థానంలో ఆ ఊపు కనిపిస్తుంది. మొత్తం 43 పదాలు. అక్కడ ఆపారు.

చేత్తో కట్టి చూద్దాం

మేయుస్ తన పుస్తకంలో ఉదాహరణకు తీసుకున్న తేదీ 1992 అక్టోబరు 13. మనమూ దాన్నే తీసుకుని, సూర్యుడి నుంచి చూసినప్పుడు ప్లూటో రేఖాంశం ఎంతో కడదాం.

ప్లూటో ఎప్పుడూ ఒకే వేగంతో, నూరేళ్లకు 144.96 డిగ్రీల చొప్పున కదిలితే ఆ రోజున 228.494 డిగ్రీల దగ్గర ఉండాలి. ఇది మొదటి మెట్టు. దీనికి మొదటి పదం 1.675 డిగ్రీలు కలుపుతుంది. రెండోది 1.494. మూడోది 0.652. నాలుగోది 0.266. అయిదోది 0.098. ఆరోది 0.047. ఇప్పటికి 232.726 అయింది. ఇక మిగిలిన 37 పదాలూ కలిసి చేర్చేది 0.015 డిగ్రీలు మాత్రమే. తుది విలువ 232.741.

ఆ మెట్లను ఒకసారి మళ్లీ చూడండి. మొదటి ఆరూ ప్లూటో కక్ష్య గుండ్రంగా లేనందువల్ల, వాలి ఉన్నందువల్ల వచ్చేవి. ఒక్కో మెట్టు దిగినకొద్దీ సవరణ కరిగిపోతోంది. ఆరు పదాలతో ఆపితే ఆ రోజున తప్పు ఒక కల లోపే. దూరదర్శినిని ఆ వైపు తిప్పి ప్లూటోను చట్రంలోకి తెచ్చుకోవడానికి అంతే చాలు. నలభై మూడూ వేస్తే తప్పు 0.07 వికల. భూమి నుంచి కనిపించే ప్లూటో బింబమే దాదాపు 0.1 వికల. అంటే ఆ చుక్క వెడల్పు కంటే తప్పు తక్కువ! గవ్వలు పేర్చిన గణకుడు ఈ మెట్లను చూసి ఉంటే సులువుగా గుర్తుపట్టేవాడు. ఆయన చేసిందీ ఇదే: సగటు వేగంతో మొదలుపెట్టి, పెద్ద సవరణ, ఆపై చిన్న సవరణ.

గడువు రాసిన సూత్రం

ఆ నలభై మూడు పదాల కింద మేయుస్ ఒక హెచ్చరిక పెట్టాడు. ఇది 1885 నుంచి 2099 దాకానే చెల్లుతుంది, బయట వాడవద్దు. నా దృష్టిలో ఈ లెక్క మొత్తంలో అత్యంత విలువైన వాక్యం అదే. నెప్ట్యూన్ నెమ్మదిగా చేసే లాగుడంతా ఆ గుణకాల్లోనే ఇంకిపోయి ఉంది. రెండు శతాబ్దాలు దాటితే అది బయటికొచ్చి లెక్కను పక్కకు లాగుతుంది.

వాక్య పంచాంగానికి లోటు దాన్ని కట్టినవాళ్ల ప్రతిభలో లేదు. వాళ్ల కాలానికి అది మహాద్భుతం. కానీ గడువు రాయని సూత్రాన్ని తరువాతి తరాలు ఏడు వందల ఏళ్లు అలాగే మోశాయి. ఏటా రవ్వంత తేడా పేరుకుంటూ వచ్చి శని దగ్గర పదకొండు నెలలైంది. లెక్కను ఎక్కడ ఆపామో, అది ఎప్పటిదాకా చెల్లుతుందో వచ్చే తరానికి చెప్పి పోవడం గణకుడి ధర్మం. మాధవుడు, రఘునాథాచారి లెక్కను ఆకాశంతో మళ్లీ సరిచూసుకున్నారు. మేయుస్ గడువు రాసి ఆ ధర్మాన్ని ఆచరించాడు.

గడువు లోపల కూడా ఒక హద్దుంది. ఒక్కోసారి ప్లూటో ఏదో నక్షత్రానికి అడ్డం వస్తుంది. అప్పుడు దాని నీడ భూమి మీద పరుగెడుతుంది. ఆ నీడ ఎక్కడ పడుతుందో చెప్పాలంటే 0.07 వికల తప్పు కూడా పెద్దదే. ప్లూటో ఉన్న దూరంలో అది దాదాపు 1,700 కిలోమీటర్లు. ధర్మపురి మీద పడాల్సిన నీడ ఇంచుమించు ఢిల్లీ దాకా జరిగిపోవచ్చు. ఆ పనికి నలభై మూడు పదాలు చాలవు, నాలుగు వేల పదాలు కూడా చాలకపోవచ్చు. ఆఖరి రాత్రి దాకా తీసిన కొత్త ఫొటోలతో లెక్కను దిద్దుకుంటూనే ఉండాలి.

అలాంటి ఒక నీడ కోసం కాపు కాసిన రాత్రి మన పొరుగునే ఉంది. ధర్మపురికి ఈశాన్యంగా, కాకి ఎగిరే దారిలో తొంభై కిలోమీటర్ల లోపే, జవ్వాది కొండల మీద కావలూరు. హైదరాబాదులో నిజామియా వేధశాల నీడన పెరిగిన వేణు బప్పు అక్కడ దూరదర్శినులు నిలబెట్టాడు. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రాన్ని దాటబోతోందని లెక్క చెప్పింది. కొండ మీద మీటరు దూరదర్శిని దగ్గర జె.సి. భట్టాచార్య, కుప్పుస్వామి కూర్చున్నారు. యురేనస్ రావలసిన వేళ ఇంకా కాలేదు. ఉన్నట్టుండి నక్షత్రం ఒక్కసారి మసకబారి మళ్లీ వెలిగింది.

లెక్కలో లేనిదేదో అక్కడ అడ్డం వచ్చింది. అదేమిటో వచ్చే భాగంలో, కావలూరు కొండ ఎక్కి చూద్దాం.